ఏ రూలు సార్? – విద్యార్థి రాతలు, యూనివర్సిటీ అధికారాలు

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు హాస్టల్ మెస్ గురించి బ్లాగులో రాశారు, లేదా ఇన్‌స్టాలో పెట్టారు. మర్నాడు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "విశ్వవిద్యాలయ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి" అని. ఏం చేస్తారు? కొందరు గాభరాపడి పోస్టు పీకేసి, క్షమాపణ రాసిచ్చేస్తారు. కొందరు వాక్‌స్వాతంత్ర్యం మీద నాలుగు పేజీలు రాస్తారు. నన్నడిగితే రెండూ తొందరపాటే. ముందు అడగాల్సిన మాట ఒకటుంది. "ఏ రూలు సార్?"

నవ్వకండి. ఇది ఎదిరించడం కాదు. గొంతు పెంచకుండా, వినయంగానే అడగొచ్చు. ఏ రూలు, ఎవరు చేశారు, అందులో ఏ మాటకి నేను విరుద్ధంగా రాశాను? ఈ మూడింటికి జవాబు రాకుండా మీరు సంజాయిషీ రాయడం మొదలుపెడితే, ఏం నేరం చేశారో తెలియకుండానే ఒప్పుకున్నట్టు.

రూలు ఎక్కడి నుంచి పుడుతుంది? మన రాష్ట్ర యూనివర్సిటీలకి 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ఉంది. అది శాసనసభ చేసిన చట్టం. దాని కింద స్టాట్యూట్లు, ఆర్డినెన్సులు, రెగ్యులేషన్లు అనే యూనివర్సిటీ నియమాలు ఉంటాయి. వాటిని ఎవరు, ఏ పద్ధతిలో చేయాలో చట్టమే చెబుతుంది. అవన్నీ అయ్యాక, బాగా కింద, సర్క్యులర్ ఉంటుంది. సాయంత్రం ఐదింటికి ఒక అధికారి సంతకం పెట్టి నోటీసు బోర్డుకి అంటించేది. దానికంటే కింద ప్రాస్పెక్టస్, హాస్టల్ నియమావళి, అడ్మిషన్ రోజున మీరు చదవకుండా సంతకం పెట్టిన అండర్‌టేకింగ్. చదవకుండానే పెట్టారు కదా? నాకు తెలుసు.

ఈ మెట్లు ఎందుకు చెబుతున్నానంటే, రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛని తగ్గించాలంటే 19(2) ప్రకారం "చట్టం" ఉండాలి. చట్టం. సర్క్యులర్ కాదు. ఈ మాట సుప్రీంకోర్టు 1986లోనే తేల్చింది, బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు, కానీ మతవిశ్వాసం వల్ల పాడలేదు. 1985లో స్కూలు నుంచి తీసేశారు. విద్యాశాఖ సర్క్యులర్లు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వ వాదన. ఆ సర్క్యులర్లకి చట్టబద్ధమైన బలం లేదు, అలాంటి పాలనాపరమైన ఆదేశాలతో ప్రాథమిక హక్కుని కోయడానికి వీల్లేదు అన్నది కోర్టు. పిల్లల్ని మళ్లీ చేర్చుకోమంది. బ్లాగు అనే మాటే పుట్టని రోజుల తీర్పు. కానీ మీ చేతికొచ్చే షోకాజ్ నోటీసుకి ఇంతకన్నా దగ్గరి తీర్పు నాకు కనబడదు.

సరే, రూలు చట్టం కిందే చేశారు అనుకుందాం. అయినా పనైపోలేదు. 19(2)లో ఎనిమిది కారణాలున్నాయి. దేశ సార్వభౌమత్వమూ సమగ్రతా, దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురిగొల్పడం. ఎనిమిదే. ఇందులో "సంస్థ ప్రతిష్ఠ" ఉందా? "అధికారులకు చికాకు" ఉందా? "క్రమశిక్షణకు విరుద్ధమైన ధోరణి" ఉందా? లేదు కదా. ఆంక్ష ఈ ఎనిమిదింటిలో ఒకదానికి అతకాలి, పైగా సహేతుకంగా ఉండాలి.

చికాకు అన్నాను కాబట్టి శ్రేయా సింఘాల్ కేసు చెప్పాలి. ఐటీ చట్టంలో 66ఎ సెక్షన్ ఉండేది. ఆన్‌లైన్‌లో ఎవరికైనా చికాకు, అసౌకర్యం కలిగించే సమాచారం పంపితే మూడేళ్ల దాకా జైలు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చికాకు అంటే ఏంటో ఎవరికి తెలుసు? ఒకరికి చికాకు పుట్టించేది ఇంకొకరికి నవ్వు పుట్టించొచ్చు. అంత గుల్ల మాటలతో మనిషిని జైల్లో పెట్టకూడదు. ఆ తీర్పులో మీకు పనికొచ్చే మెట్లు మూడున్నాయి. ఒక విషయాన్ని చర్చించడం ఒకటి. దాన్ని సమర్థించి గట్టిగా వాదించడం రెండు. చెయ్యండి, ఇప్పుడే చెయ్యండి అని పురిగొల్పడం మూడు. మూడో మెట్టు దగ్గర మాత్రమే చట్టం చెయ్యి పెట్టొచ్చు. మీ నోటీసులో "అనుచితం", "అవాంఛనీయం" లాంటి మాటలుంటే ఈ తీర్పు పక్కన పెట్టి చూడండి.

విచిత్రం ఏంటంటే, కొట్టేసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి పోలీసు స్టేషన్లలో 66ఎ కింద కేసులు రాస్తూనే వచ్చారు. ఆ సెక్షన్ కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయకూడదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పోలీసులకే అలా ఉంటే, కాలేజీ రూల్‌బుక్కులో పాత వాక్యం అలాగే ఉండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

అమెరికా కేసులు పట్టుకొచ్చి రిజిస్ట్రార్ గారికి చూపించకండి. ఇంటర్నెట్‌లో దొరికే వ్యాసాల్లో సగం అవే ఉంటాయి. వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చే వాళ్ల రాజ్యాంగం మొదటి సవరణలో మన 19(2) లాంటి జాబితా లేదు. అక్కడి తీర్పు ఇక్కడ మిమ్మల్ని కాపాడదు.

ఇప్పుడు అండర్‌టేకింగ్. "నేను సంస్థకు వ్యతిరేకంగా సామాజిక మాధ్యమాల్లో ఏమీ రాయను" అని సంతకం పెట్టాను కదండీ, ఇక నా పని అయిపోయినట్టేనా? కాదు. ప్రాథమిక హక్కుని సంతకం పెట్టి వదులుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 1959లో బశేశర్ నాథ్ కేసులో చెప్పింది, 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో మళ్లీ చెప్పింది. అడ్మిషన్ కావాలంటే సంతకం పెట్టి తీరాలి అన్నచోట అది ఒప్పందం ఎలా అవుతుంది? అలాగని ఆ కాగితానికి విలువే లేదనుకోకండి. ర్యాగింగ్ చేయను, పరీక్ష పేపరు బయటపెట్టను, ల్యాబ్ వివరాలు ప్రచురించను అన్న భాగాలు నిలబడతాయి. ఒకే కాగితంలో నిలబడే వాక్యమూ నిలబడని వాక్యమూ పక్కపక్కనే ఉంటాయి. అందుకే దాని నకలు దగ్గర పెట్టుకోండి. అడ్మిషన్ రోజునే ఫోటో తీసుకోండి.

ప్రైవేటు యూనివర్సిటీల పిల్లలు చేతులెత్తుతున్నారు. మీ సంగతికే వస్తున్నాను. మీది 12వ అధికరణం చెప్పే "రాజ్యం" కాదు, అంటే ప్రభుత్వ సంస్థ కాదు, కాబట్టి దారి కొంచెం ఇరుకు. కానీ మూసుకుపోలేదు. విద్య చెప్పడం ప్రజావిధి. 2015లో జానెట్ జయపాల్ కేసులో డీమ్డ్ యూనివర్సిటీ మీద కూడా 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చని సుప్రీంకోర్టు అంది. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. 19, 21 అధికరణాల హక్కుల్ని రాజ్యం కానివారి మీద కూడా అమలు చేయించుకోవచ్చంది. ఆచరణలో మాత్రం ప్రైవేటు సంస్థ మీద మీకు గట్టి పట్టు దొరికేది విచారణ పద్ధతి దగ్గరే. నోటీసు ఇచ్చారా, విన్నారా, వాళ్ల రూల్‌బుక్కు వాళ్లే పాటించారా అన్నది.

పద్ధతి అన్నాను. అసలు కేసులు గెలిచేదీ ఓడేదీ చాలావరకు ఇక్కడే. 2025 మే నెలలో పుణేలో జరిగింది గుర్తుందా? ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని భారత్–పాకిస్తాన్ ఉద్రిక్తతల సమయంలో ఒక పోస్టు పంచుకుంది. రెండు గంటల్లోనే తీసేసి క్షమాపణ చెప్పింది. కాలేజీ ఆమెని రస్టికేట్ చేసింది, అంటే బహిష్కరించింది, పోలీసులు అరెస్టు చేశారు. మే 27న బాంబే హైకోర్టు బెయిలిచ్చి, రస్టికేషన్ ఉత్తర్వుని నిలిపేసింది. ఆ పోస్టు మంచిదని కోర్టు అనలేదు. ఆ అమ్మాయికి చెప్పుకునే అవకాశమే ఇవ్వలేదు, పైగా పరీక్షలు జరుగుతున్నాయి. అక్కడ దెబ్బతిన్నది కాలేజీ అనుసరించిన పద్ధతి.

మరి సరైన పద్ధతి ఎలా ఉండాలి? నోటీసులో ఏ పోస్టు, ఏ తేదీ, ఏ రూలు అని ఉండాలి. దాని లింకో స్క్రీన్‌షాటో జతచేయాలి. జవాబుకి తగినంత గడువుండాలి. మీ మాట వినాలి. చివరి ఉత్తర్వులో కారణాలు రాయాలి. ఇంతే. కానీ ఒక హెచ్చరిక. సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేసే హక్కు ప్రతి విచారణలోనూ ఉంటుందనుకోకండి. 1973లో హీరానాథ్ మిశ్రా కేసులో, అమ్మాయిల హాస్టల్లో అల్లరి చేసిన మెడికల్ విద్యార్థుల విషయంలో, సాక్షుల పేర్లు చెప్పకపోయినా విచారణ చెల్లుతుందంది సుప్రీంకోర్టు. కాలేజీ విచారణ కోర్టు విచారణ కాదు.

ఎక్కువ హాని చేసేది రస్టికేషన్ కాదు. "విచారణ ముగిసేవరకు సస్పెన్షన్" అనే కాగితం. అందులో గడువుండదు. తుది ఉత్తర్వు రాదు, అప్పీలు చేయడానికి ఏమీ ఉండదు, ఈలోగా సెమిస్టరు వెళ్లిపోతుంది. అలాంటిది వస్తే ముందు గడువు అడగండి, పరీక్షకి అనుమతి అడగండి. మిగతా వాదన తర్వాత.

నోటీసు వచ్చిన రోజున చేయాల్సింది చెబుతాను, రాసుకోండి. పోస్టు తీసేయాలా వద్దా అన్నది తర్వాతి మాట. ముందు దాన్ని పూర్తిగా భద్రం చేయండి. తేదీ, సమయం, లింకు, కింద వ్యాఖ్యలు, పైన మీరు దేనికి జవాబుగా రాశారో ఆ సందర్భం, అన్నీ కనబడేలా. ఎందుకంటే ఫిర్యాదు చేసినవాళ్ల దగ్గర ఒక్క వాక్యమే కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఉంటుంది. మీది తీసేశాక మొత్తం చూపించే దారి ఉండదు. కేసు కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, పాత సాక్ష్య చట్టంలోని 65బి అన్నమాట. అందుకని అసలు ఫైలు ఉన్న ఫోన్ని ఫార్మాట్ చేయకండి, అమ్మకండి.

తర్వాత ఒక పేజీ జవాబు. మూడు అడగండి. ఏ రూలు కిందో ఆ రూలు నకలు, ఫిర్యాదు నకలు, మీరు రాశారంటున్న పోస్టు నకలు. ఇవి అందాక ఇన్ని రోజుల్లో పూర్తి జవాబిస్తానని రాయండి. ఆ కాగితాన్ని ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా పెట్టండి. గదిలోకి పిలిచి "నాలుగు ముక్కలు క్షమాపణ రాసిచ్చెయ్ బాబూ, వదిలేస్తాం" అంటారు. మంచిమనసుతోనే అనొచ్చు కూడా. కానీ "నా ప్రవర్తనకు క్షమించండి" అని రాస్తే అది రేపు నేరాంగీకారమై ఫైల్లో కూర్చుంటుంది. నిజంగా పొరపాటు రాసి ఉంటే దానికే పరిమితమై రాయండి. "ఫలానా వాక్యంలోని అంకె తప్పు, సరిదిద్దాను" అని. అంతవరకే.

రూల్‌బుక్కు ఇవ్వకపోతే? ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అదే చట్టం 4(1)(డి) సెక్షన్, నిర్ణయం వల్ల నష్టపోయినవాళ్లకి కారణాలు చెప్పాలంటుంది. 30 రోజులు మీ మూడు రోజుల నోటీసుకి పనికిరాకపోవచ్చు. అందుకే నోటీసు రాకముందే ఎవరో ఒకరు అడిగి తెప్పించి పెట్టుకోవాలి.

యూజీసీ 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సంస్థ సొంత నిబంధనలకి విరుద్ధంగా తీసుకున్న చర్య కూడా ఫిర్యాదు కిందికి వస్తుంది. కమిటీ 15 పనిదినాల్లో నివేదికివ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు. మీలో ఎంతమందికి మీ అంబుడ్స్‌పర్సన్ ఎవరో తెలుసు? ఒక్క చెయ్యీ లేవలేదు. ఇవాళ వెళ్లి వెబ్‌సైట్లో చూడండి.

ఇంతసేపూ యూనివర్సిటీ తప్పులే చెప్పాను. ఇప్పుడు మీవి. పరువునష్టం దగ్గర అందరూ పొరబడతారు. "నేను రాసింది నిజమే కదా" అంటారు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో, పాత ఐపీసీ 499లో లాగే, నిజం ఒక్కటే చాలదు. నిజం, దాంతో పాటు ప్రజాహితం, రెండూ ఉండాలి. శిక్ష రెండేళ్ల దాకా. 2016లో సుప్రీంకోర్టు క్రిమినల్ పరువునష్టం చెల్లుతుందనే అంది.

అయితే ఎలా రాయాలి? "ఫలానా తేదీ రాత్రి భోజనంలో పప్పులో పురుగు కనిపించింది, ఫోటో ఇది, వార్డెన్‌కి ఇచ్చిన ఫిర్యాదు ఇది, జవాబు రాలేదు." దీనికి ఎవరేం చేయగలరు? అదే "వార్డెన్ మెస్ డబ్బు మింగేస్తున్నాడు" అని రాస్తే, రుజువు మీ నెత్తి మీద పడుతుంది. పురుగుని చూశారు గాని, డబ్బు మింగడం చూడలేదు కదా. చూసింది రాయండి. ఊహ రాయాలనిపిస్తే ప్రశ్నగా, ఊహ అని తెలిసేలా రాయండి. "మెస్ లెక్కలు బోర్డు మీద ఎందుకు పెట్టడం లేదు?" అన్న ప్రశ్నకి ఆరోపణ కన్నా పదునెక్కువ, ప్రమాదం తక్కువ.

ఇంకోటి మరీ ముఖ్యం. క్యాంపస్‌లో లైంగిక వేధింపు జరిగితే ఆవేశంలో బాధితురాలి పేరు, ఊరు, క్లాసు అన్నీ పెట్టేస్తారు. న్యాయం కోసమే పెడతారు. కానీ అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. 2013 నాటి వేధింపుల నిరోధక చట్టం 16వ సెక్షన్ ఫిర్యాదులోని విషయాలు, పేర్లు ప్రచురించొద్దంటుంది. కులం పేరుతో దళితుల్ని, గిరిజనుల్ని అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆన్‌లైన్‌లో చేసినా అది బహిరంగంగా చేసినట్టేనని కేరళ హైకోర్టు 2022లో అంది. వీటిలో దేనికీ "నాకు భావప్రకటన స్వేచ్ఛ ఉంది" అన్నది జవాబు కాదు. మెడికల్ విద్యార్థులు వార్డులో రోగి ఫోటో పెట్టడం సరేసరి.

పేరు విషయం. టిస్, అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో, ఒక పీహెచ్‌డీ పరిశోధకుణ్ణి 2024లో రెండేళ్లు సస్పెండ్ చేశారు. ఢిల్లీ ర్యాలీలో సంస్థ పేరున్న బ్యానరు కింద పాల్గొన్నారు, అది సంస్థ అభిప్రాయంలా కనిపించింది అన్నది అభియోగాల్లో ఒకటి. 2025లో బాంబే హైకోర్టు జోక్యం చేసుకోలేదు. సుప్రీంకోర్టు కూడా శిక్షని అప్పటికి గడిచిన కాలానికి కుదించింది గాని, అభియోగాన్ని కొట్టేయలేదు. రెండేళ్లు ఎక్కువనే నేనంటాను. కానీ మీ పేజీకి యూనివర్సిటీ పేరు, చిహ్నం పెట్టి "అఫీషియల్" అని తగిలించకండి. "మా క్యాంపస్ ముచ్చట్లు, ఇవి విద్యార్థుల సొంత అభిప్రాయాలు" అని రాస్తే పోయేదేముంది?

పోలీసు కేసు గురించి క్లుప్తంగా. వర్గాల మధ్య వైరం, వదంతుల సెక్షన్లు, అంటే న్యాయ సంహిత 196, 353, మూడేళ్ల దాకా శిక్ష ఉన్నవి. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కి ముందు 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173(3)లో ఉంది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, మాటకి సంబంధించిన నేరాల్లో ఈ దారి వాడాలని సుప్రీంకోర్టు చెప్పింది. రాతని గట్టి మనసున్న, ధైర్యం గల మనిషి కళ్లతో తూచాలి గాని ప్రతి విమర్శలో ముప్పు చూసే బెదురు మనసుతో కాదని కూడా అంది. ఆ తీర్పు ఒక పద్యం మీద ఎఫ్‌ఐఆర్‌ని కొట్టేస్తూ ఇచ్చింది. మీ జవాబులో ఒక్క తీర్పుకే చోటుంటే ఇది పెట్టండి.

చీటీలు వచ్చాయి, రెండు చదువుతాను. "కన్ఫెషన్ పేజీ అడ్మిన్‌ని. రాసింది వేరేవాళ్లు. నాకు బాధ్యత ఉంటుందా?" ఉంటుంది బాబూ. వాట్సాప్ గ్రూపులో సభ్యుడు పెట్టిన దానికి, అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని బాంబే, కేరళ హైకోర్టులు అన్నాయి. కానీ నీ పేజీలో, పేరు చెప్పకుండా ఫారంలో పంపినవాటిని చదివి, ఎంచి, నువ్వే పెడుతున్నావు. ప్రచురించింది నువ్వే. అజ్ఞాతంగా ఉన్నాననుకుంటున్నావేమో, క్యాంపస్ వైఫైలో నీ రోల్ నంబరుతోనే కదా లాగిన్ అవుతున్నావు?

రెండోది. "ఫోన్ అన్‌లాక్ చేసి చూపించమంటే?" కాలేజీ వాళ్లకి ఆ అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పారు. 2019లో కేరళ హైకోర్టు, హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్ వాడొద్దన్న రూలునే ఒప్పుకోలేదు. "రాతపూర్వకంగా అడగండి సార్, జవాబిస్తాను" అని చెప్పి ఫోన్ జేబులో పెట్టుకోండి. ఇంకా అడిగితే ఏమనాలో మీకు ఇప్పటికే తెలుసు.